టోల్‌గేటుకో కన్నీటి బొట్టు

జూన్ వచ్చిందంటే మా ఫ్యామిలీ గ్రూపులో వానల కంటే ముందు కన్నీళ్లు మొదలవుతాయి. ఒక ఫొటో వస్తుంది. కారు స్టీరింగు, ఎదురుగా హైవే, డ్యాష్‌బోర్డు మీద వినాయకుడు. కింద రాత: "వెనక సీటు ఖాళీ. గుండె బరువు. నా చిట్టితండ్రిని ఇంటర్‌లో చేర్చి ఒంటరిగా వస్తున్నా." దానికి వరసపెట్టి చేతులు జోడించిన బొమ్మలు, మధ్యలో ఎవరో బాబాయి "ఏ బ్రాంచి?" అని.

తెలుగు సాహిత్యానికి కొత్తగా దొరికిన ఈ ప్రక్రియకు టోల్‌గేటు కరుణరసం అని పేరు పెట్టాను. దీనికి కచ్చితమైన లక్షణాలున్నాయి. బెజవాడ శివార్లలోని కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో కొడుకునీ ట్రంకుపెట్టెనీ దించేసి హైదరాబాద్ తిరిగొచ్చే తండ్రికి కీసర టోల్ దగ్గర కళ్లు చెమ్మగిల్లాలి. చిల్లకల్లు దగ్గర, ఫాస్టాగ్ స్కాన్ అవక వెనకవాళ్లు హారన్లు కొడుతుండగా, పిల్లాడు తొలిసారి "నాన్నా" అన్న రోజు గుర్తు రావాలి. కోదాడ దాటాక పాత పాటలు. సూర్యాపేటలో ఆకలి.

ఈ ప్రక్రియలో ఉత్తమ ఘట్టం నడిచేది ఆ సూర్యాపేట హోటల్లోనే. మన తండ్రి ఎదురు టేబుల్ మీద ఇంకో తండ్రి, ఆయనవీ ఎర్రబడ్డ కళ్లే. మాట కలుస్తుంది. ఈయన హైదరాబాద్ నుంచి వెళ్లి కొడుకుని బెజవాడలో వదిలొస్తున్నాడు. ఆయన బెజవాడ నుంచి వెళ్లి కొడుకుని హైదరాబాద్‌లో వదిలొస్తున్నాడు.

"సిటీలో ఉంటే డిస్ట్రాక్షన్ ఎక్కువండీ, అందుకే బెజవాడ."

"మా బెజవాడలో ఫ్రెండ్స్ ఎక్కువయ్యారు సార్, అందుకే మాదాపూర్."

రెండు చోట్లా అదే ఎంపీసీ, అదే మెటీరియల్, అదే వీకెండ్ టెస్టు. పిల్లల్ని ఇద్దరూ మార్చుకుని ఒకరి వాణ్ని ఒకరు ఇంట్లో పెట్టుకున్నా సరిపోయేది, డీజిలూ హాస్టలు ఫీజూ మిగిలేవి. ఆ ఆలోచన ఇద్దరికీ రాదు. వచ్చేది ఒకటే. "మీది ఏసీ క్యాంపసా, నాన్ ఏసీనా?" నాన్ ఏసీ ఆయన కాస్త తల దించుకుంటాడు. ఏసీ ఆయన ఉదారంగా బిల్లు కట్టేస్తాడు. చెరో పార్సిలూ పట్టుకుని, ఒక సెల్ఫీ దిగి, ఎవరి దుఃఖం వైపు వాళ్లు బయల్దేరుతారు. మనవాడు కొర్లపహాడ్ దాటేసరికి "త్యాగం లేనిదే ఫలితం లేదు" అనే స్థాయికి ఎదిగి, పంతంగి క్యూలో ఆ ముక్క టైప్ చేసి పంపిస్తాడు.

త్యాగం ఎవరిదండీ? పదిహేనేళ్ల వాడిదా, మీ క్రెడిట్ కార్డుదా?

మీ కవిత్వంలోకి రాని సంగతులు కొన్నున్నాయి. గ్రిల్స్ బిగించిన కిటికీ. చీకటితో లేపేసి మొదలెట్టి రాత్రి భోజనం తర్వాత కూడా వదలని స్టడీ అవర్లు. బ్రోచర్లో మాత్రమే ఉన్న గ్రౌండు. ప్రతి టెస్టుకీ మార్కుల్ని బట్టి సెక్షన్ మార్చేస్తే, నిన్నటి దాకా పక్కన కూర్చున్న స్నేహితుడు ఇవాళ పై అంతస్తులో. వాడు తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడే కాలేజీ పీఆర్వో మీ ఇంటికొచ్చి సోఫాలో కూర్చుని కాఫీ తాగి ఇదంతా అమ్మితే, మీరు "ఎర్లీ బర్డ్ డిస్కౌంట్ ఎంత?" అని అడిగారు. ఇప్పుడు కన్నీళ్లా?

2019 ఏప్రిల్ గుర్తుందా? తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో, తెలుగులో 99 వచ్చిన అమ్మాయికి సున్నా వేశారు. ఆ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మనం టీవీ ముందు కూర్చుని అయ్యయ్యో అన్నాం, జూన్‌లో మళ్లీ ట్రంకుపెట్టె కొన్నాం. 2023 ఆగస్టులో రాజస్థాన్‌లోని కోచింగుల ఊరు కోటాలో పిల్లలు వరసగా ప్రాణాలు తీసుకుంటుంటే, అక్కడి అధికారులు హాస్టళ్లలో బరువు పడితే కిందికి జారిపోయే స్ప్రింగు ఫ్యాన్లు పెట్టమని ఆదేశించారు. పిల్లాడి బాధకి ఫ్యానుకి వైద్యం! అది చదివి కూడా ఏ తండ్రైనా కాలేజీకి ఫోన్ చేసి "మీ దగ్గర పిల్లలతో మాట్లాడటానికి కౌన్సిలర్ ఉన్నాడా, మావాడు ఎన్ని గంటలు నిద్రపోతాడు?" అని అడిగాడేమో చూపించండి. "ఐఐటీలో ఎన్ని సీట్లొచ్చాయి?" అని మాత్రం గేటు దగ్గర వాచ్‌మన్‌ని కూడా అడుగుతారు. ఆ ఫ్లెక్సీ మీద నవ్వుతున్న ర్యాంకు మొహాల్ని చూస్తారే తప్ప, అదే క్లాసులో కూర్చుని ఫ్లెక్సీకెక్కని వందల మంది ఏమయ్యారని ఎవడూ అడగడు. సిగ్గుండాలి.

ఆదివారం క్యూలో నిలబడి, వార్డెన్ చేతిలోని ఫోన్ తీసుకుని, ఆయన పక్కనే నిలబడి వింటుండగా వాడు "బాగానే ఉన్నా నాన్నా" అంటాడు. మరేమంటాడు పాపం? దయచేసి ఆ ముక్క పట్టుకుని "మావాడు అప్పుడే సెట్ అయిపోయాడండీ" అని మళ్లీ గ్రూపులో పెట్టకండి.