సరాయి కట్టిన దారిలో నిలువ నీడ లేదు

సంక్రాంతి ముందు రాత్రుల్లో హైదరాబాద్‌లోని ఎల్బీనగర్ చూసిన వాళ్లు ఎవరూ మరిచిపోలేరు. మెట్రో మెట్లు దిగిన జనం సూట్‌కేసులు, అట్టపెట్టెలు, నిద్రకళ్ల పిల్లలతో చింతల్‌కుంట వైపు రోడ్డు పొడవునా నిలబడతారు. సూర్యాపేట వాళ్లు, కోదాడ వాళ్లు, ఖమ్మం వాళ్లు, విజయవాడ దాటి గుడివాడ, బందరు పోవాల్సిన వాళ్లు. బస్సు ఎక్కడ ఆగుతుందో డ్రైవరుకే తెలియాలి. అది యాభై అడుగులు ముందుకెళ్లి ఆగితే సామానుతో, పిల్లలతో పరుగు. కూర్చోవడానికి చోటు కనబడదు. ఆడవాళ్లు బాత్రూమ్ కోసం ఎవరిని అడగాలో తెలియని పరిస్థితి. వాన పడితే ఫ్లైఓవర్ కిందే దిక్కు.

రాజధాని తూర్పు వాకిలి ఇది. ఈ వాకిట్లో నిలబడిన మనిషికి ఇచ్చే మర్యాద ఇదేనా అన్నది మా ప్రశ్న.

చాదర్‌ఘాట్ దగ్గర మూసీ దాటి తూర్పుకు తిరిగితే మలక్‌పేట. అక్కడి నుంచి మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్, వనస్థలిపురం, ఆటోనగర్, హయత్‌నగర్ మీదుగా పెద్ద అంబర్‌పేటలో ఔటర్ రింగు రోడ్డు దాకా ఒకటే దారి. పుణె నుంచి హైదరాబాద్, విజయవాడల మీదుగా మచిలీపట్నం చేరే జాతీయ రహదారిలో ఇదొక ముక్క. 2010లో దేశమంతా నంబర్లు మార్చినప్పుడు 9వ నంబరు పోయి 65వ నంబరు వచ్చింది. జనానికి ఆ లెక్కతో పని లేదు. వాళ్లకిది ఎప్పుడూ విజయవాడ రోడ్డే.

నిజానికి బందరు రోడ్డు అనాలి. విజయవాడ పెద్ద ఊరు కాకముందే ఈ దారికి గమ్యం మచిలీపట్నం రేవు. గోల్కొండ సుల్తానుల రాజ్యానికి సముద్రం వైపు తెరుచుకున్న తలుపు అదే. డచ్చి వాళ్లు 1606లో, ఇంగ్లీషు వాళ్లు 1611లో అక్కడ వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. వజ్రాలు, కలంకారీ బట్టలు, ఇనుము, ఉక్కు రేవుకు చేరేవి. రేవులో దిగిన గుర్రాలు, బంగారం, విదేశీ సరుకు గోల్కొండకు వచ్చేవి. ఎడ్ల బండ్ల మీద, పల్లకీల మీద, ఎక్కువగా కాలినడకన సాగిన ప్రయాణాలవి. దారిలో మనిషికి కావలసింది నీళ్లు, నీడ, రాత్రికి తల దాచుకునే చోటు.

ఆ సంగతి తెలిసిన మనిషి హయాత్ బక్షీ బేగం. హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు, తర్వాతి సుల్తాను భార్య, ఆ తర్వాతి సుల్తాను అబ్దుల్లా తల్లి. ముగ్గురు పాలకుల కాలంలో రాజ్య వ్యవహారాలు దగ్గరగా చూసింది. జనం ఆమెను 'మా సాహెబా' అన్నారు. నగరానికి అటు కొసన ఉన్న మాసాబ్ ట్యాంక్ ఆ పిలుపులోంచి వచ్చిన పేరే. ఇటు కొసన హయత్‌నగర్ ఆమె పేరు మోస్తోంది. అక్కడ మసీదు కట్టి ఊరుకోలేదు. మసీదు చుట్టూ బాటసారుల కోసం వరస గదులతో సరాయి కట్టించారు. పక్కనే హాతీ బావి అనే పెద్ద దిగుడు బావి ఉంది. నగరం నుంచి బయల్దేరిన వాళ్లకు మొదటి మజిలీ, నగరానికి వస్తున్న వాళ్లకు చివరి మజిలీ అది. పదిహేడో శతాబ్దంలో ఒక రాజ్యం తన దారి మీద నడిచే మనిషి కోసం చేసిన ఏర్పాటు.

ఇప్పుడా సరాయి గదులు చాలావరకు శిథిలాలు. హైవే మీద వెళ్లే బస్సుల్లో ఎంతమందికి దాని ఉనికి తెలుసు? హయత్‌నగర్ అనేది వాళ్లకు ఒక స్టాపు, ఒక సిగ్నల్, టెన్షన్ పెట్టే ఒక ట్రాఫిక్ జామ్.

ఈ దారి పొడవునా పేర్లన్నీ ఇలాగే కథలు చెబుతాయి. నిజాం కొలువులో సేనాని అయిన ఫ్రెంచి వాడు రేమండ్‌ను జనం 'మూసా రాం' చేసుకున్నారు. మూసారాంబాగ్ ఆయన తోటే. 1798లో చనిపోయిన ఆయన సమాధి మలక్‌పేట దగ్గర గుట్ట మీద ఇప్పటికీ ఉంది. 1831 నాటి చాదర్‌ఘాట్ వంతెనకు దాన్ని కట్టించిన ఇంగ్లీషు అధికారి ఒలిఫెంట్ పేరు ఉండేది. 1908 మూసీ వరద ఆ వంతెననూ వదల్లేదు. మెట్రోలో విక్టోరియా మెమోరియల్ అని వినబడే స్టేషను పేరు వెనుక ఆరో నిజాం కాలం నాటి అనాథ పిల్లల ఆశ్రమం ఉంది.

వనస్థలిపురం అనే పేరు మాత్రం ఈ కాలానిది. ఒకప్పుడు నిజాం వేటాడిన అడవిని 1975లో కృష్ణ జింకల కోసం మహావీర్ హరిణ వనస్థలిగా మార్చారు. హైవే పక్కన ఇంత పచ్చదనం మిగిలిందంటే ఆ నిర్ణయం పుణ్యమే.

పాత బాట పక్కన పొలాలు పోయి కాలనీలు ఎప్పుడు వచ్చాయో ఈ ప్రాంతపు పెద్దలందరికీ గుర్తుంది. నల్గొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి బస్సెక్కిన కుటుంబం దిగే మొదటి చోటు దిల్‌సుఖ్‌నగర్. ఊరికి దగ్గరగా ఉండాలనే ఆశతో చాలామంది ఈ దారి పక్కనే అద్దెకు దిగారు, తర్వాత ఇళ్లు కట్టుకున్నారు. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, బట్టల దుకాణాలు, టిఫిన్ బండ్లు వచ్చాయి. గడ్డి అన్నారం, ఎల్బీనగర్ రెండూ వేరు వేరు మున్సిపాలిటీలై, 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిశాయి. ఊరు రోడ్డును మింగేసింది. రోడ్డు మాత్రం తాను ఇంకా ఊరి బయటే ఉన్నాననుకుంటోంది. అసలు చిక్కు అక్కడే ఉంది.

జనం చరిత్ర కూడా ఈ దారి మీదే నడిచింది. 2009 నవంబరు 29న ఎల్బీనగర్ చౌరస్తాలో శ్రీకాంతాచారి ఒంటికి నిప్పంటించుకున్నాడు. డిసెంబరు 3న కన్నుమూశాడు. తెలంగాణ ఉద్యమంలో ఆ చౌరస్తా పేరు చెరగదు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలింది బస్టాపుల దగ్గర. చనిపోయిన వాళ్లు ఇంటికి పోవడానికి, చదువుకోవడానికి, టీ తాగడానికి రోడ్డు మీదికి వచ్చిన మామూలు మనుషులు. దీన్ని వాహనాల దారిగా మాత్రమే చూడొద్దని మేం అనడానికి ఇవన్నీ కారణాలే.

ఈ దారికి ఎవరూ ఏమీ చేయలేదని మేం అనడం లేదు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో వచ్చాక లక్షల మంది బతుకు తేలికైంది. చింతల్‌కుంటలో అండర్‌పాస్, ఎల్బీనగర్ చుట్టూ ఫ్లైఓవర్లు కట్టారు. సిగ్నల్ దగ్గర అరగంట నిలబడిన రోజులు తగ్గాయి. కొత్తపేట పండ్ల మార్కెట్‌ను బాటసింగారం తరలించాక మామిడి సీజన్‌లో లారీల బారులు పోయాయి. ఆ స్థలంలో పెద్ద ఆస్పత్రికి 2022లో శంకుస్థాపన జరిగింది. ఇవి మంచి పనులు, మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి.

కానీ ప్రతి పనిలోనూ ఒకటే చూపు: బండి ఆగకూడదు. బండి ఆగకుండా ఉండటానికి డివైడర్ మీద ఇనుప కంచె పెరుగుతుంది, యూటర్న్ ఇంకా దూరం జరుగుతుంది. రోడ్డుకు అవతల ఇల్లు, ఇవతల బడి ఉన్న పిల్లవాడు ఎక్కడ దాటాలి? మెట్రో స్టేషను ఉన్న చోట దాని మెట్లు ఎక్కి దిగొచ్చు. మెట్రో లేని ఎల్బీనగర్ అవతలి దారిలో ఏం చేయాలి? కూరగాయల సంచితో డివైడర్ ఎక్కి, చీర కుచ్చిళ్లు పట్టుకుని, వచ్చే లారీని చెయ్యెత్తి ఆపే పెద్దావిడను వనస్థలిపురం, హయత్‌నగర్‌ల మధ్య ఏ రోజైనా చూడొచ్చు. ఆమె రూల్స్ తెలియక అలా చేయడం లేదు. దాటడానికి మనం దారి పెట్టలేదు.

రోడ్డు ఒకరిది, సర్వీస్ రోడ్డు ఇంకొకరిది, మురుగు కాలువ మరొకరిది, బస్టాపు వేరొకరిది. ఫుట్‌పాత్ ఎవరిదీ కాదు. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు కింద కాలనీలు మునిగినప్పుడు ఈ ముక్కల పాలన ఎంత ప్రమాదమో తెలిసింది. 2025 సెప్టెంబరు చివర మూసీ పొంగి మహాత్మా గాంధీ బస్‌స్టేషన్‌లోకి నీళ్లు వచ్చినప్పుడు విజయవాడ, నల్గొండ, ఖమ్మం బస్సులను ఎల్బీనగర్ నుంచి నడపాల్సి వచ్చింది. ఒక పెద్ద బస్‌స్టేషన్ చేసే పనిని రాత్రికి రాత్రి ఒక చౌరస్తా నెత్తిన పెట్టారు. ఏ పండగకు చూసినా ఆ చౌరస్తా చేస్తున్నది ఆ పనే. అలాంటప్పుడు దూరప్రాంతపు బస్సులన్నీ ఆగేలా, వెయిటింగ్ హాలు, టాయిలెట్లు, తాగునీళ్లు, లైట్లు, ఆడవాళ్లకు భద్రత ఉన్న టెర్మినల్‌ను అక్కడ, మెట్రోకు నడిచి వెళ్లగల దూరంలో కట్టడానికి ఇంకా ఆలోచన ఎందుకు? ఊరి చివర, ఆటో మాట్లాడుకుని పోవాల్సిన చోట కడితే జనం మళ్లీ ఈ రోడ్డు పక్కనే నిలబడతారు.

ఇప్పుడు ఇంకో అవకాశం ముందుంది. మెట్రో రెండో దశలో ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ దాకా 7.1 కిలోమీటర్ల మార్గాన్ని రాష్ట్ర ప్రభుత్వం ప్రతిపాదించింది. దాన్ని త్వరగా పట్టాలెక్కించాలని కేంద్రాన్నీ రాష్ట్రాన్నీ మేం గట్టిగా కోరుతున్నాం. అయితే మెట్రో వచ్చినప్పుడు చూద్దాంలే అని అప్పటిదాకా దాటే దారులను ఆపొద్దు. ప్రతి పెద్ద బస్టాపు దగ్గర సిగ్నల్‌తో నేల మీదే దాటే చోటు ఇవ్వాలి. మోకాళ్ల నొప్పుల వాళ్లను, చక్రాల కుర్చీ వాళ్లను ఫుట్‌ఓవర్ బ్రిడ్జి ఎక్కమనడం న్యాయం కాదు. సర్వీస్ రోడ్డు మీద బతికే తోపుడు బండ్ల వాళ్లను తరిమేసి ఫుట్‌పాత్ ఖాళీ చేయించడం కూడా న్యాయం కాదు. వాళ్లకు గీత గీసి చోటు చూపిస్తే నడిచేవాళ్లకూ దారి మిగులుతుంది.

హయత్‌నగర్‌లో మెట్రో దిగిన మనిషి సరాయి దాకా నీడలో నడిచి వెళ్లగలిగేలా దారి వేయాలి. సరాయి గదులను, హాతీ బావిని బాగు చేసి, దాని కథను తెలుగులో, ఉర్దూలో రాసి పెట్టాలి.

మెట్రో స్తంభాలు ఎక్కడ వస్తాయో గీసే డ్రాయింగుల్లో మనుషులు ఎక్కడ దాటుతారో కూడా గీయాలి. టెండర్లు పిలవకముందే ఆ డ్రాయింగులను వనస్థలిపురం, ఆటోనగర్, హయత్‌నగర్ కాలనీల్లో గోడకు అంటించి, అక్కడి వాళ్లను పిలిచి చూపించాలి. ఎక్కడ దాటాలో ఏ ఇంజినీరు కన్నా వాళ్లకే బాగా తెలుసు. ఇన్నేళ్లుగా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటుతున్నది వాళ్లే.