మేడమ్ చేతిలో సగం స్వామి

నేను లెక్కల మాస్టారిని. ఈ మాట ముందే చెప్పడం ఎందుకంటే, నిన్నటి నుంచి స్టాఫ్ రూంలో అందరూ నన్ను "శిల్పి గారూ" అని పిలుస్తున్నారు. మా బడిలో డ్రాయింగ్ టీచర్ పోస్టు ఖాళీ అయి ఎన్నేళ్లయిందో గుర్తున్నవాళ్లు కూడా రిటైరైపోయారు. అందుకని ఏడో తరగతి పిల్లల చేత మట్టి వినాయకులు చేయించే పని, ఆ పూట ఖాళీ పీరియడ్ ఉన్న పాపానికి నా నెత్తిన పడింది. మధ్యాహ్నం మూడింటికి మండలం నుంచి ఒక మేడమ్ వస్తారు, పిల్లలతో ఫోటో దిగుతారు, ఆ ఫోటో గ్రూపులో పెట్టాలి. పై నుంచి వచ్చిన మెసేజ్‌లో ఉన్నది ఇంతే. మట్టి ఎవరు తెస్తారో, చేసిన బొమ్మ ఎంతసేపు ఆరాలో అందులో లేదు. బ్యానర్ సైజు మాత్రం ఉంది.

మట్టి పదకొండింటికి వచ్చింది. వానకు నాని, సగం పాయసంలా. మా క్లాసులో ఒక పిల్లవాడి తాతది కుమ్మరి పని. వాడు ఒక ముద్ద తీసి వేళ్ల మధ్య నలిపి, "సార్, ఇది ఇంకా పచ్చిగుంది. కొబ్బరి పీచు కలపాలె, నీడకు ఆరబెట్టాలె, రేపు చేద్దాం సార్" అన్నాడు. రేపు మేడమ్ వేరే మండలానికి వెళ్తారు కదరా! 2020 జాతీయ విద్యా విధానంలో చక్కగా రాసుకున్నారు, 6 నుంచి 8 తరగతుల పిల్లలు 10 రోజుల పాటు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరుల దగ్గర పని నేర్చుకోవాలని. ఆ కుమ్మరి తాత బడికి కూతవేటు దూరంలో ఇంటి ముందు కూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు. ఆయన్ని పిలుద్దామంటే హెడ్మాస్టర్ గారు, "బయటివాళ్లు ఎందుకండీ, మీరున్నారుగా" అన్నారు. ఉన్నాను. దీర్ఘచతురస్రం కూడా స్కేలు లేకుండా గీయలేని నేను ఉన్నాను.

పిల్లలవి జానెడు బొమ్మలు, బాగానే వచ్చాయి. నాది మాత్రం ఫోటోలో కనపడాలి కాబట్టి అడుగు ఎత్తు ఉండాలన్నారు. "ఖైరతాబాద్ వినాయకుడు కూడా 1954లో ఒక్క అడుగుతోనే మొదలయ్యాడండీ" అని హెడ్మాస్టర్ గారు నాకు ధైర్యం చెప్పారు. నిజమే. కానీ అంతటి ఖైరతాబాద్ వాళ్లే పెద్ద విగ్రహాన్ని మట్టితో చేయడానికి 2022 దాకా ఆగారు. వాళ్లకు లోపల ఇనుప చట్రం ఉంటుంది, చుట్టూ పనివాళ్లుంటారు. నాకు వంటశాల నుంచి ఒక అగ్గిపెట్టె ఇచ్చారు. తొండం నిలబడటానికి లోపల అగ్గిపుల్ల గుచ్చాను. పొట్ట మెల్లగా కిందికి జారుతుంటే మళ్లీ పైకి ఎత్తుతూ, ఆ ఎత్తిన దగ్గర నీళ్లు రాస్తూ, అలా మూడయ్యేదాకా స్వామిని కాపాడుకొచ్చాను.

మేడమ్ వచ్చారు. లేత రంగు పోచంపల్లి చీర. వెనక ఎనిమిదో తరగతి అబ్బాయిలిద్దరు బ్యానర్ పట్టుకున్నారు, పీఈటీ సార్ ఫోన్ తీశారు. మేడమ్ అన్నింటిలోకీ పెద్దది కదా అని నా వినాయకుణ్ణి రెండు చేతులతో పట్టుకుని పైకి లేపారు.

పై సగమే లేచింది.

కాళ్లు, పీఠం, చాక్‌పీసు ముక్కతో చేసిన ఎలుక, మూడూ పీట మీదే ఉన్నాయి. నడుము నుంచి పైన మేడమ్ చేతుల్లో ఉంది. గది మొత్తం నిశ్శబ్దం. మొదటి బెంచీ అమ్మాయి మాత్రం, ఈ వారమే భిన్నాలు చెప్పినందుకు కాబోలు, "సగం కాదు సార్, మూడింట రెండొంతులు" అని గుసగుసలాడింది. కరెక్టే చెప్పింది.

ఇప్పుడు మేడమ్ ఏం చేయాలి? కింద పెడదామంటే అడుగు లేదు, నిలబడదు. పక్కకు వాలుద్దామంటే తెలుగు మేడమ్ "అయ్యో, స్వామిని పడుకోబెడతారా?" అన్నారు. నా చేతికివ్వబోతే హెడ్మాస్టర్ గారు ఫోటో కాలేదని కళ్లతోనే ఆపారు. కాళ్ల మీద మళ్లీ అతికిద్దామని మేడమే ఒకసారి నొక్కి చూశారు, స్వామి అతకలేదు సరికదా రెండంగుళాలు పొట్టి అయ్యారు, మేడమ్ వేళ్లు పొట్టలోకి దిగాయి. ఎవరో పిల్లవాడు "మేడమ్, తప్పయిందని దండం పెట్టుకోండి" అని సలహా ఇచ్చాడు. రెండు చేతుల్లో స్వామిని పెట్టుకుని దండం ఎలా పెడతారురా? చీర కుచ్చిళ్ల మీద బొట్లు బొట్లుగా బురద పడుతోంది. పీఈటీ సార్ ఆయన లోకంలో ఆయన, "మేడమ్, కొంచెం నవ్వండి" అంటున్నారు. ఆవిడ నవ్వారు కూడా, ఎంతమంది హెడ్మాస్టర్లను చూసిన మనిషో! సరిగ్గా అప్పుడే తొండం ఊడి పడింది. ముఖం మధ్యలో, ఎర్రటి మందు తలతో సహా, అగ్గిపుల్ల మిగిలింది. "సార్, వెలిగించే పుల్లే పెట్టిన్రా?" అని వెనక బెంచీ నుంచి ఒక గొంతు.

కుమ్మరి తాత మనవడే బకెట్ తెచ్చాడు, మొక్కలకు నీళ్లు పోసేది. "మేడమ్, ఇట్ల వదిలెయ్యిన్రి." మేడమ్ నెమ్మదిగా వంగి స్వామిని నీళ్లలోకి దించగానే ఎవరు మొదలుపెట్టారో గానీ "గణపతి బప్పా" అని ఒక కేక, ఇక బడి బడంతా మోరియా. పూజ లేదు, పత్రి లేదు, చవితికి ఇంకా రెండు రోజులుంది, మా దగ్గర నిమజ్జనం అయిపోయింది.

బకెట్ పారబోయమంటే ఆయమ్మ ఒప్పుకోలేదు. "దేవుడు కరిగిన నీళ్లు నేను ముట్ట సారూ, పంతుల్ని అడుగున్రి." కాబట్టి బకెట్ స్టాఫ్ రూంలో నా కుర్చీ పక్కనే ఉంది. ఎవరో దానికి బొట్టు కూడా పెట్టారు.

ఈ ఉదయం గ్రూపులో మెసేజ్. మోరియా ఊపులో అబ్బాయిలు బ్యానర్ వదిలేశారట, ఏ ఫోటోలోనూ అక్షరాలు కనపడటం లేదట, కార్యక్రమం మళ్లీ జరిపి సాయంత్రం ఆరులోపు పెట్టాలట. చూసిన అయిదు నిమిషాలకే హెడ్మాస్టర్ గారు ఫోన్ చేశారు.

"మట్టి ఏమైనా మిగిలిందాండీ?"

"బకెట్లో ఉంది సార్."

"మరింకేం, తీయండి."