సికింద్రాబాద్ కార్ఖానా రోడ్డు పక్కన ఉన్న రక్షణ శాఖ ప్రహరీ గోడ గారికి

మహారాజశ్రీ ప్రహరీ గోడ గారి దివ్యసముఖానికి,

నిన్న మధ్యాహ్నం కార్ఖానా దాటి తిరుమలగిరి చేరేలోపు తమరి సన్నిధిలో గంటా ఇరవై నిమిషాలు గడిపే భాగ్యం నాకు దక్కింది. అల్వాల్‌లో మేనకోడలి నిశ్చితార్థానికి మేనమామ హోదాలో బయలుదేరిన నేను అక్కడికి చేరేసరికి తాంబూలాలు మార్చుకోవడం అయిపోయి, వంటవాళ్లు గుండిగలు కడుగుతున్నారు. తమరి ఒంటి మీద ఎర్ర అక్షరాలతో రాసిన ‘ప్రవేశం నిషేధం’ అన్న హెచ్చరికను దారిలో ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. కదలడానికే వీల్లేని చోట ప్రవేశాన్ని పనిగట్టుకుని నిషేధించడం తమరి ముందుచూపే అనుకోవాలి.

తమరంటే మాకు గౌరవం లేక కాదు. ఈ ఊరిని నేటికీ లష్కర్, అంటే సైన్యం దండు, అనే పిలుచుకుంటాం, అమ్మవారికి ఎత్తేవి కూడా లష్కర్ బోనాలే. కంటోన్మెంట్ రోడ్లు తెరవమని 2018లో ఢిల్లీ నుంచి హుకుం వచ్చాక కూడా, ఏ దారి ఏ వేళకు తెరిచి ఉంటుందో పంచాంగంలో చూసుకునే ఓపిక మాకుంది.

మింగుడు పడనిది ఆ బేరమే. ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట వైపు ఒకటి, డెయిరీ ఫామ్ రోడ్డు వైపు ఒకటి ఎలివేటెడ్ కారిడార్లు, అంటే స్తంభాల మీద సాగే రోడ్లు, వేయడానికి తమరి స్థలం కావాలని ఒక రాష్ట్ర ప్రభుత్వం ఏళ్ల తరబడి అడిగి అడిగి దిగిపోయింది. మరొకటి గద్దెనెక్కాక, 2024 మార్చిలో గాని తమరి పెద్దలు తల ఊపలేదు. అడిగేది సర్కారే, ఇచ్చేదీ సర్కారే, ఇద్దరి బొక్కసంలోనూ ఉన్నది మా పన్ను డబ్బే. అయినా గట్టు తగాదా పడ్డ దాయాదుల్లాగా, ఈ భూమికి సమాన విలువ గల భూమి ఇంకోచోట చూపించమంటూ ఇన్నేళ్లు సాగదీశారు. సమాన విలువట! ఆ దారిలో రోజూ ఇంధనం తగలేసుకుంటున్న మా బతుకులకు విలువ కట్టిన అధికారి ఒక్కడైనా ఉన్నాడా? అంబులెన్సు వెనక నుంచి కూత పెడుతుంటే పక్కకు జరగడానికి జానెడు జాగా లేక తలలు దించుకుని కూర్చున్నాం, సిగ్గుచేటు!

కోపంలో నోరు జారాను, మన్నించాలి. తమరి పెద్దల చేతిలోనే ఉన్న బైసన్ పోలో మైదానంలో కొత్త సచివాలయం కడతామని 2017లో రాష్ట్ర ప్రభుత్వం బయలుదేరినప్పుడు ఆ బేరం చటుక్కున కుదిరి ఉంటే, ఈ పాటికి అక్కడ గడ్డిపరక ఉండేది కాదు. సచివాలయం పాత చోటే లేచింది, మైదానం మైదానంగానే మిగిలింది. ఈ మాట ఒప్పుకోవడం నాకేమీ ఇష్టం లేదు.

నిన్న ఇంజను ఆపేసి దిగి నిలబడింది తమరి వెనక నుంచి రోడ్డు మీదికి వంగిన వేపచెట్టు నీడలోనే. దాని మొదలుకు అప్పుడే తెల్ల రంగుతో అంకె వేసి ఉంది. పెళ్లి బట్టలకని వచ్చే వారం మేనకోడలిని ఇదే దారిన జనరల్ బజారుకు తీసుకురావాలి. ఆ నీడనైనా అప్పటిదాకా ఎవరికీ అప్పగించకుండా ఉంచగలరని ప్రార్థన.

ఇట్లు,
తమరి పక్కనే ఆగిపోయిన ఒక వాహనదారుడు