వకాల్తా వారిది, ఫీజు మనది

కరెంటు కంపెనీలు మాటిమాటికీ కోర్టుకెక్కుతున్నాయని కొందరు సణుగుతుంటారు. నాకా సణుగుడు నచ్చదు. మెగావాట్లున్నంత మాత్రాన మనసుండదా? కరెంటు ధరలు ఖరారు చేసే రెగ్యులేటరీ కమిషన్ యూనిట్‌కి పది పైసలు కోస్తే నొప్పి పుట్టదా? ఆ నొప్పిని 2003 విద్యుత్ చట్టం గుర్తించింది. 111వ సెక్షన్ కింద 45 రోజుల్లోగా ఢిల్లీలోని అప్పీలేట్ ట్రిబ్యునల్‌కి పోవచ్చు. అక్కడా మనసు కుదుటపడకపోతే 125వ సెక్షన్ పట్టుకుని సుప్రీంకోర్టు మెట్లెక్కవచ్చు. వచ్చిన అప్పీలును 180 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని కూడా అదే చట్టంలో రాశారు. చట్టాలు రాసేవాళ్లలోనూ కవులుంటారు.

పైగా ఈ సెక్షన్ కంపెనీల సొత్తేం కాదు. కమిషన్ ఉత్తర్వు వల్ల బాధపడ్డ ఎవరైనా వాడుకోవచ్చు. అంటే గుంటూరులో అద్దె పోర్షన్‌లో ఉండే నేను కూడా. ఢిల్లీకి టికెట్, అక్కడో సీనియర్ లాయరు, ఆయన వెనక కట్టలు మోసే ముగ్గురు జూనియర్లు... ఈ చిల్లర తేడాలు పక్కన పెడితే కంపెనీ, నేను చట్టం ముందు ఒకటే.

ఈ హక్కు ఎంత చక్కగా పనిచేస్తుందో చూడాలంటే మన రాష్ట్రం దాటి పోనక్కర్లేదు. 2019 జులై 1న ప్రభుత్వం 63వ నంబరు జీవో తెచ్చింది. గాలి కరెంటు, సౌర కరెంటు పాత ఒప్పందాల ధరలు మరీ ఎక్కువ, కూర్చుని మాట్లాడుకుందాం రండి అంది. గాలి కరెంటుకి యూనిట్ 4 రూపాయల 80 పైసలు దాటిన ఒప్పందాలు కూడా వాటిలో ఉన్నాయి. కంపెనీలు కూర్చోలేదు, హైకోర్టుకి నడిచాయి. సెప్టెంబర్ 24న సింగిల్ జడ్జి జీవోని కొట్టేశారు. అయితే ధర సంగతి కమిషన్ తేలుస్తుందనీ, అందాకా గాలికి 2 రూపాయల 43 పైసలు, ఎండకి 2 రూపాయల 44 పైసలు ఇవ్వమనీ అన్నారు. (ఎండకి ఆ పైసా ఎందుకెక్కువో మే నెలలో రెంటచింతల వాళ్లనడగండి, చెబుతారు.) కంపెనీలకి మళ్లీ నొప్పి, మళ్లీ అప్పీలు. 2022 మార్చి 15న అదే హైకోర్టులో ఇద్దరు జడ్జిల డివిజన్ బెంచ్ ఆ మధ్యంతర ధరని కూడా తీసేసి, ఒప్పందం ధర ప్రకారం 6 వారాల్లో బకాయిలు కట్టమంది.

ఇందులో కంపెనీల తప్పేం లేదు, నిజంగానే అంటున్నాను. సంతకం పెట్టాక పెట్టినట్టే. కుర్చీ మారినప్పుడల్లా కాగితం మారితే రేపు ఎవడు ప్లాంటు పెడతాడు? నన్ను మురిపించింది వేరే సంగతి. ఆ రెండున్నరేళ్లూ కోర్టు హాల్లో నేను లేను, ఖర్చులో మాత్రం ఉన్నాను. ఆ కరెంటు కొని మన ఇళ్లకి పంచే సంస్థ డిస్కం. దాని లాయరు ఫీజు దాని ఖర్చుల పద్దులోకి పోతుంది, ఆ పద్దు చార్జీల లెక్కలోకి వస్తుంది. కంపెనీ గెలిస్తే ఆ బకాయి కరెంటు కొనుగోలు ఖర్చు. అదీ అక్కడికే వస్తుంది. కోళ్లు రెండూ నావే, కత్తులూ నావే, పందెం డబ్బూ నాదే. ఓడిన కోస కోడి మాంసం ఎవరింట్లో ఉడుకుతుందన్నది ఒక్కటే తీర్పు చెప్పాల్సింది.

ఢిల్లీ వాళ్లది ఇంకా పెద్ద కాపురం. అక్కడ కమిషన్ చార్జీలు పెంచకుండా మంచి పేరు తెచ్చుకుంటూ, డిస్కంలకి రావాల్సింది ఒక పుస్తకంలో రాసుకుంటూ పోయింది. ఆ ఖాతాకి 'రెగ్యులేటరీ ఆస్తి' అని పేరు. మనం పడ్డ బాకీని ఆస్తి అని పిలిచే సంస్కారం కిరాణా కొట్టు సుబ్బయ్యకి ఎన్నటికీ రాదు. డిస్కంలు 2014లో కోర్టుకెళ్లాయి. 2025 ఆగస్టు 6న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆ కేసులో చూపిన లెక్క ప్రకారం మూడు డిస్కంలకీ కలిపి ఆ ఆస్తి 27,200 కోట్లు. దాన్ని గడువు పెట్టుకుని కొన్నేళ్లలో తీర్చెయ్యాలట. ఎవరు తీర్చాలో తీర్పు చదవకపోయినా తెలుస్తుంది.

జనం ఎప్పుడూ సవాలు చెయ్యలేదా అంటే, చేశారు. 2000 ఆగస్టు 28న పెరిగిన చార్జీల మీద హైదరాబాద్‌లో అసెంబ్లీ వైపు నడిచారు. వకాల్తా లేదు, కోర్టు ఫీజు స్టాంపు లేదు. బషీర్‌బాగ్ దగ్గర కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఆ అప్పీలు ఏ సెక్షన్ కిందికి వస్తుందో నాకు తెలిసిన లాయర్లెవరూ చెప్పలేకపోయారు.

నేను అంత ధైర్యస్థుణ్ని కాను. 2022లో మా బిల్లులో ట్రూ అప్ అని, అంటే పాత ఖర్చుల తేడా సర్దుబాటు అని, కొత్త వరస కనిపిస్తే, చదివి ఊరుకున్నాను. తర్వాత తెలిసింది, అది 2014 నుంచి 2019 దాకా వాడిన కరెంటు తాలూకు అని. అప్పుడు ఈ పోర్షన్‌లో ఎవరో పుణ్యాత్ములు రాత్రంతా ఏసీ వేసుకుని దుప్పటి కప్పుకుని పడుకున్నారు. నేను ఫ్యాను కింద చెమట తుడుచుకుంటూ వాళ్ల చల్లదనానికి కట్టాను.

బిల్లు పట్టుకుని ఓనరు గారి దగ్గరికెళ్లాను. వరండాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు.

"అప్పుడున్నది మేం కాదు కదా బాబాయ్ గారూ, మీరే కట్టాలేమో" అన్నాను.

ఆయన కళ్లజోడు పైకి తోసుకుని ఆ వరసని రెండుసార్లు చదివారు. విచారణ అయిపోయింది.

"మీటరు వాడేది నువ్వా, నేనా? అన్నట్టు వచ్చే నెల నుంచి అద్దె ఇంకో ఐదొందలు వేసుకో."

ఈ ఉత్తర్వు మీద అప్పీలుకి గడువెన్ని రోజులని అడిగాను.

"ఒకటో తారీఖు దాకా" అన్నారు, ఇంకో చిక్కుడుకాయ తీసుకుంటూ. "ఈలోగా ఖాళీ చేస్తే ముందే చెప్పు, బయట బోర్డు పెట్టాలి."