చట్టంలో ఉన్న టీచరమ్మ స్టేషన్‌కు ఎప్పుడొస్తుంది?

బెజవాడ బస్టాండులో సెల్‌ఫోన్ పోయిందని గొడవ. అక్కడే తచ్చాడుతున్న పాతికేళ్ల కుర్రాణ్ని స్టేషన్‌కు తీసుకెళ్లారనుకుందాం. ‘నువ్వే తీశావు కదరా?’ అంటే ‘ఊఁ’ అంటాడు. కబురు తెలిసి పరుగెత్తుకొచ్చిన తల్లి ‘నువ్వు తీయలేదు కదా నాన్నా?’ అన్నా ‘ఊఁ’ అనే అంటాడు. అతనికి బుద్ధిమాంద్యం. గట్టిగా అడిగినవాళ్లకు ఔనంటే వదిలేస్తారని చిన్నప్పటి నుంచీ అలవాటైపోయిన మనిషి. కాగితం మీదకు మాత్రం మొదటి ‘ఊఁ’యే ఎక్కుతుంది. పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నా అది కోర్టులో సాక్ష్యం కాదనేది నిజమే. కానీ ఆ మాట పట్టుకుని అరెస్టు చేసి రిమాండుకు పంపాక ఆ సూత్రం అతనికి ఏం ఉపయోగం?

బుద్ధిమాంద్యం, ఆటిజం, డిమెన్షియా, తలకు దెబ్బ తగిలాక వచ్చే మతిమరుపు... ఇవి చాలాసార్లు మనిషిని చూస్తే తెలియవు. ఎస్సైకి పొగరులా, లాయరుకు అబద్ధంలా కనిపిస్తాయి. అందుకే ఇలాంటివాళ్లతో ఎలా మాట్లాడాలో నేర్పే శిక్షణ అనగానే జడ్జీల నుంచి మొదలుపెట్టడం నాకు తలకిందుల వ్యవహారంలా తోస్తుంది. ముందు కావాల్సింది స్టేషన్‌లో రాతపని చూసే రైటరుకు, కానిస్టేబుల్‌కు.

చట్టాలకు కొదవ లేదు. పోలీసులు, జడ్జీలు, న్యాయవాదుల శిక్షణ కోర్సులన్నింటిలో వైకల్య హక్కులు ఉండాలని వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 47వ సెక్షన్ చెబుతోంది. 2021లో పఠాన్ జమాల్ వలీ అత్యాచారం కేసు తీర్పులో సుప్రీంకోర్టు, వైకల్యం ఉన్నంత మాత్రాన సాక్ష్యాన్ని తక్కువ చేసి చూడొద్దంది. జడ్జీలకు, ప్రభుత్వం తరఫున వాదించే పీపీలకు, పోలీసులకు శిక్షణ ఇవ్వాలని, స్పెషల్ ఎడ్యుకేటర్ల (వైకల్యం ఉన్నవాళ్లకు పాఠాలు చెప్పే టీచర్ల) వివరాలు పోలీసులకు అందుబాటులో ఉండాలని సూచించింది. ఎక్కడో ఢిల్లీ కేసు కాదది, మన రాష్ట్రం నుంచే వెళ్లింది. బాధితురాలు చూపులేని ఎస్సీ యువతి.

అయితే ఒక మెలిక ఉంది. 2024 జులై 1న సీఆర్‌పీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) ప్రకారం లైంగిక నేరాల్లో బాధితురాలికి వైకల్యం ఉంటే, స్పెషల్ ఎడ్యుకేటరు లేదా దుబాసీ సమక్షంలో ఆమె ఇంటి దగ్గరో, ఆమె కోరిన చోటో ఫిర్యాదు నమోదు చేసి వీడియో తీయాలి. మంచిదే. మరి నిందితుడి సంగతి? తన తరఫున వాదించుకోలేడనో, కోర్టు వ్యవహారం అసలే అర్థం చేసుకోలేడనో తేలితేనే అతనికి వేరే పద్ధతి. కేసేమిటో కొంత తెలిసినా అడిగిన ప్రశ్న అర్థం కాని మనిషి ఎటూ కాకుండా పోతాడు. ఇంగ్లండ్‌లో 1984 నాటి పోలీసు చట్టం కింద వచ్చిన నియమావళి ప్రకారం, అలాంటి నిందితుణ్ని విచారించేటప్పుడు పోలీసు శాఖతో సంబంధం లేని పెద్ద ఒకరు పక్కన ఉండాలి. మన సంహితలో అలాంటి నిబంధన లేదు.

ఇక శిక్షణ అంటే మనకు తెలిసింది ఒక పూట సదస్సు, శాలువా, గ్రూప్ ఫొటో. సెక్షన్లు చదివి వినిపిస్తే ప్రశ్నించడం రాదు. ఒకసారి ఒకటే అడగాలి. జవాబు వచ్చేదాకా ఆగాలి. ‘ఎన్ని గంటలకు?’ అని కాకుండా ‘అన్నం తిన్నాకా, తినకముందా?’ అనాలి. అడిగిందే మళ్లీ మళ్లీ అడిగితే, మొదట చెప్పింది తప్పేమోనని జవాబు మార్చేస్తారు. దాన్ని మనం ‘పొంతన లేని వాంగ్మూలం’ అంటాం. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ‘మీరు ఆ రోజు అక్కడ లేరంటే నిజం కాదంటారా?’ అని లాయరు అడిగితే డిగ్రీ చదివినవాడే తడబడతాడు. అక్కడ జడ్జి కలగజేసుకుని ప్రశ్న విడగొట్టమనాలి. అది ఆయన అధికారంలోని పనే.

ఈ విద్య తెలిసినవాళ్లు మన దగ్గరే ఉన్నారు. సమగ్ర శిక్ష కింద మండలాల్లో నడిచే భవిత కేంద్రాల టీచర్లు రోజూ చేసే పని ఇదే. ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల్లో ప్రతి స్టేషన్ గోడ మీదా వాళ్ల నంబరు ఉండాలి. వాళ్లకు చట్టం తెలియదంటారు. రెండు రోజులు చెబితే కావాల్సినంత వస్తుంది. కానిస్టేబుల్‌కు ఓపిక నేర్పడమే కష్టం. అర్ధరాత్రి పిలిస్తే ఆటో ఖర్చు, రోజు భత్యం ఎవరిస్తారన్నది అసలు ప్రశ్న. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం వైకల్యం ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాల్సింది న్యాయ సేవాధికార సంస్థే. ఈ ఖర్చూ దాని పద్దులోనే పెట్టొచ్చు.

ఇలాగైతే ప్రతి దొంగా బుద్ధిమాంద్యం నటిస్తాడని పోలీసులు అనొచ్చు. నటించనివ్వండి. సదరం సర్టిఫికెట్, డాక్టరు పరీక్ష తర్వాతైనా ఉంటాయి. ఈలోపు పక్కన ఒక టీచరమ్మ కూర్చుంటే దర్యాప్తుకు పోయేదేమీ లేదు. పైగా ఆమె ఎదుట ప్రశ్నిస్తే ‘బెదిరించారు’ అని పోలీసుల మీద ఆరోపించడం డిఫెన్స్ లాయరుకు అంత సులువు కాదు.