‘సరే సార్’ అంటే ఏ సరే?

కాన్ఫరెన్స్ కాల్‌లో ‘సరే సార్’ అన్న మాటకు మన దగ్గర మూడు అర్థాలున్నాయి. చేస్తాను అని ఒకటి. విన్నాను, చేయాల్సింది నేనో కాదో తెలియదు అని ఇంకొకటి. సగం వినపడలేదు, మళ్లీ అడిగితే బాగుండదు అని మూడోది. కాల్ పెట్టినాయన మాత్రం మూడింటినీ మొదటి లెక్కలోనే వేసుకుని ఫోన్ పెట్టేస్తాడు. కాల్ వల్ల పని జరగకపోతే నెట్‌వర్క్‌ని తిడతాం గానీ, అసలు దోషి ఈ ‘సరే’ అని నా అభిప్రాయం.

వరంగల్‌లో ఇప్పుడు కాల్ లేని వ్యాపారం లేదు. 2020 జనవరిలో మడికొండలో పెద్ద ఐటీ కంపెనీలు ఆఫీసులు తెరిచాక రాత్రిపూట అమెరికా కాల్స్ అక్కడి పిల్లలకు అలవాటైపోయాయి. ఎనుమాముల మార్కెట్లో మిర్చి కొనే వ్యాపారి కోల్డ్ స్టోరేజీని, లారీ ఆఫీసును, గుంటూరు పార్టీని ఒకే లైన్లోకి తీసుకుంటాడు.

వరంగల్ దర్రీలకు, అంటే ఇక్కడ నేసే నూలు జంపఖానాలకు, 2018లో జీఐ ట్యాగ్ (ఈ ప్రాంతం సరుకన్న అధికారిక గుర్తింపు) వచ్చింది. పోయినేడాది కొత్తవాడలో ఒక దర్రీల ఆర్డరు కాల్‌కు హిందీ, తెలుగు అటూ ఇటూ చెప్పడానికి నన్ను కూర్చోబెట్టారు. ఢిల్లీ నుంచి కొనేవాళ్లు, ఇటు నేతపని పెద్దాయన, నూలుకు రంగు అద్దేవాళ్లు, ట్రాన్స్‌పోర్టు మనిషి. యాభై నిమిషాలు నడిచింది. ఎరుపు ఇంకాస్త ముదురుగా కావాలన్నారు ఢిల్లీ వాళ్లు. అందరూ సరే అన్నారు, నాతో సహా. రెండు వారాల తర్వాత చూస్తే నూలు రంగుకే వెళ్లలేదు. పంపేది పెద్దాయన అనుకున్నారు అద్దకం వాళ్లు. వాళ్లే వచ్చి తీసుకెళ్తారనుకున్నాడు పెద్దాయన. ఆ కాల్‌లో ఎవరూ అబద్ధమాడలేదు.

ఈ సంగతి చెబితే మా బాబాయి నవ్వాడు. ఆయన కాజీపేట వైపు స్టేషన్ మాస్టర్‌గా చేసి రిటైరయ్యాడు. కాన్ఫరెన్స్ కాల్ అన్న పేరు మనకు తెలియక ముందే రైల్వేలో అది ఉంది. ఆ దారిలో రైళ్లను నడిపించే సెక్షన్ కంట్రోలర్ ఒక్కడు, ఆ సెక్షన్‌లోని స్టేషన్లన్నీ ఒకే కంట్రోల్ ఫోన్ మీద. స్టేషన్ పేరు చెప్పాకే మాట. ముఖ్యమైన ఆర్డరైతే విన్నవాడు తిరిగి చెప్పాలి. సిగ్నల్‌తో ముడిపడని గేటు దగ్గరైతే ఇంకా గట్టి ఏర్పాటు. గేటు వేశావా అంటే గేట్‌మన్ ‘వేశాను సార్’ అంటే చాలదు. తన దగ్గరున్న షీటులోంచి ఒక ప్రైవేట్ నంబరు చెప్పాలి. దాన్ని స్టేషన్ మాస్టర్ రాసుకుంటేనే గేటు పడ్డట్టు లెక్క. వాడిన నంబరును అక్కడికక్కడే కొట్టేస్తారు. ‘సరే’ మీద రైలు నడపరు.

వ్యాపారానికి ప్రైవేట్ నంబర్లు అక్కర్లేదు. చివరి ఐదు నిమిషాలు చాలు. ఎవరి పని వాళ్లే, ఏ రోజుకో తారీఖుతో సహా, తమ నోటితో చెప్పాలి. ఒకరు అక్కడే వాట్సాప్ గ్రూపులో రాయాలి. బాస్ చదివి ‘అంతే కదా?’ అంటే మళ్లీ ‘సరే సార్’ దగ్గరికే వస్తాం.

‘ఎవరికైనా డౌట్లున్నాయా’ అన్నది ఇంకో వృథా ప్రశ్న. పేరు పెట్టి అడగాలి, అదీ చిన్నవాళ్ల నుంచి మొదలుపెట్టి. పెద్దాయన మాట్లాడేశాక కుర్రాడు ఎదురు చెప్పడు, మన పెంపకం అలాంటిది. ఎదురెదురుగా కూర్చుంటే ఒకరు ఆపిన తర్వాత సెకనులో ఐదో వంతు లోపో, అటూ ఇటుగానో రెండోవాళ్లు అందుకుంటారు. ఫోన్లో మాట చేరడానికే అంత సమయం పడితే ఇద్దరూ ఒకేసారి మొదలుపెడతారు, ఇద్దరూ ఆగుతారు, ‘మీరు చెప్పండి’, ‘లేదు, మీరే చెప్పండి’. రెండుసార్లు అలా అయ్యాక జంకేవాడు మ్యూట్‌లోకి పోతాడు. ఆ మౌనాన్ని అంగీకారం కింద రాసుకోకూడదు.

కాల్‌లో మనుషుల్ని తగ్గించమని అందరూ చెబుతారు కాబట్టి ఒక్క లెక్కతో వదిలేస్తాను: ఇరవై మందితో గంట కాల్ అంటే ఎనిమిది గంటల పనిదినాలు రెండున్నర. జూమ్ ఉచిత ఖాతాలో మీటింగ్ 40 నిమిషాలకు తెగిపోవడం నాకైతే మేలుగానే అనిపిస్తుంది.

తిరిగి చెప్పించడంలో ఒక చిక్కుంది. ‘నన్ను నమ్మవా?’ అంటారు. రెండో ఆర్డరు కాల్‌లో నేను అడిగితే పెద్దాయన సరిగ్గా అదే అన్నాడు, కొంచెం కోపంగానే. తర్వాత ‘నూలు నేను పంపిస్తా, మంగళవారం’ అన్నాడు. అద్దకం వాళ్లు శనివారం అన్నారు. అప్పుడు ఆయన నా వైపు తిరిగి, ‘మరి అడ్వాన్స్ ఎవరు వేస్తరు, ఏ రోజు వేస్తరు? వాళ్లను కూడా చెప్పమను’ అన్నాడు. నేను హిందీలో అడిగాను. ఢిల్లీ వైపు నుంచి చాలాసేపు చప్పుడు లేదు.