ఆడవాళ్లకు వచ్చేది గ్యాసే

మా నల్లగొండ జిల్లాలో ఛాతీ నొప్పికి రెండు పేర్లున్నాయి. మగవాడికి వస్తే హార్ట్ ఎటాక్, ఆడమనిషికి వస్తే గ్యాస్. ఈ సంగతి ఏ మెడికల్ కాలేజీలోనూ చెప్పరు. కానీ నల్లగొండ క్లాక్ టవర్ నుంచి మా ఊరి రచ్చకట్ట దాకా ఎవరిని అడిగినా ఇదే చెబుతారు.

నిరుడు దసరాకు మా అన్న మటన్ కొంచెం గట్టిగానే లాగించి ఛాతీ పట్టుకున్నాడు. పావుగంటలో కారు మాట్లాడాం. ఈసీజీ, రక్త పరీక్షలు, హైదరాబాద్ ప్రయాణం, దారి పొడుగునా దేవుళ్లకు మొక్కులు. తీరా చూస్తే అజీర్తి. అంతకు నెల ముందే వదిన దవడ గుంజుతోందని, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోందని, కడుపులో తిప్పుతోందని అన్నది. "ఏం గాదు బిడ్డా, గ్యాస్ పట్టింది, వాము నీళ్లు తాగు" అని మా అమ్మ తేల్చేసింది. వదిన వాము నీళ్లు తాగి చుట్టాలకు వంట చేసింది. దీపావళి దాటాక మోకాళ్ల నొప్పికి చూపించుకోవడానికి వెళ్తే, ఆయాసం సంగతి విని డాక్టరమ్మ ఈసీజీ తీయించింది. ఇప్పుడు వదిన గుండెలో ఒక స్టెంటు ఉంది. గ్యాస్‌కు స్టెంటు వేస్తారని మా వంశంలో అప్పుడే తెలిసింది.

ఆ డాక్టరమ్మ ఊరుకోక పాత సంగతులన్నీ తవ్వింది. కాన్పప్పుడు బీపీ పెరిగిందా, షుగర్ వచ్చిందా అని అడిగింది. కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, ఇప్పుడా ముచ్చట ఎందుకు? ఆ రెండింట్లో ఏది వచ్చినా తర్వాత గుండె జబ్బు ముప్పు ఎక్కువట. ముట్లు ఆగాక ఇంకా పెరుగుతుందట. ప్రపంచంలో ఆడవాళ్లను ఎక్కువగా పొట్టన పెట్టుకునేవి గుండె, రక్తనాళాల జబ్బులేనట. అంత పెద్ద సంగతి రచ్చకట్ట మీద మాకెవరికీ చెప్పకపోవడం అన్యాయం.

అయినా జాగ్రత్తలు మాకు తెలియనివి కావు. పొగ మంచిది కాదు. అందుకే మా ఆవిడ జన్మలో బీడీ ముట్టలేదు. నేను కాలుస్తాను, పక్కన కూర్చుని పీల్చడం వరకే ఆమె వంతు. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఆ సంస్థ వాళ్లు మా ఇంటి మామిడికాయ తొక్కు రుచి చూసి ఉండరు. ఇక వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవాలట. బతుకమ్మకు తొమ్మిది రోజులు చప్పట్లు కొడుతూ తిరుగుతూనే ఉంటారు కదా, మిగతా 356 రోజులకు అది సరిపోదా?

ఇంతా చెప్పినా మా ఆవిడ వినలేదు. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు బస్సు ఫ్రీ. టికెట్ డబ్బులకు నన్ను అడిగే పని లేకపోయింది, కొంప అక్కడే మునిగింది. వదిన్ని తోడు తీసుకుని ఒకరోజు నల్లగొండ వెళ్లి బీపీ చూపించుకొచ్చింది. 160/100. నాకు తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, ఇదెట్లా వచ్చిందని ఆమె అడిగితే, బీపీ చెప్పి రాదని నర్సు అన్నదట. మళ్లీ రెండుసార్లు చూసి, రోజూ వేసుకోమని మందు రాసిచ్చారు.

అప్పటి నుంచి నా బతుకు బతుకు కాదు. తొక్కు జాడీ అటక ఎక్కింది. పొద్దున ఆరింటికి వదినా, తనూ చెరువు కట్ట మీద నడకకు పోతారు, నా చాయ్ నేనే పెట్టుకోవాలి. బీడీ వాకిట్లో కూడా కాదు, గేటు అవతల. నిన్న రాత్రి చప్పిడి పప్పు ముందు కూర్చుని ఇవన్నీ తలుచుకుంటే ఛాతీలో ఏదో పట్టేసినట్టు అనిపించింది. ఆ మాటే మా ఆవిడతో అన్నాను.

వాము డబ్బా ఎక్కడుందో చూపించింది.